పడవెక్కే రైలు

ఇల్లందు,
12 జూన్ 2025

ఒరే ప్రభాకర్,

కవరు మీద పేరు చూసి ఎవడీ మోతీలాల్ అని తల గోక్కుంటున్నావేమో. ఆరో తరగతిలో, గోదావరి ఒడ్డు హాస్టల్లో, నీ చాప పక్క చాప నాది. పళ్ళేలు కడిగే కుళాయి దగ్గర రోజూ నీ చెవి కొరికేవాణ్ణి. నలభై తొమ్మిదేళ్ళయింది. మొన్న భద్రాచలం బస్టాండులో మీ ఊరి దూలయ్య కలిశాడు. తునికిగుంపు అనగానే నీ పేరు అడిగాను. "అవ్, ఉన్నడు. మంచిగనే ఉన్నడు. మాట్లాడుడే తక్కువ" అన్నాడట.

అన్నాడట అనడం ఎందుకంటే, నాకు వినబడదు. పక్కనున్న నా భార్య సోని కాగితం మీద రాసి చూపించింది. ముప్పై ఆరేళ్ళు బొగ్గుబాయిలో హాలేజీ నడిపాను. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం అది. ఆ మోతకు చెవులు పోయాయి. ఫోనులో నాతో మాట్లాడటమూ గోడతో మాట్లాడటమూ ఒకటే. అందుకే ఉత్తరం.

అసలు సంగతికి వస్తాను. మార్చిలో రిటైరయ్యాను. చేతులు ఊరుకోక ముందు గదిలో ఒక రైలు కట్టాను. దుకాణంలో దొరికే బొమ్మ రైలు కాదు, నీ రైలు. ఆరో తరగతిలో నువ్వు నోట్‌బుక్కులో గీసిన రైలు. ఇంజనుకు నోరు, బానపొట్ట. పొగగొట్టం వెనక, తోక ఉండాల్సిన చోట. ఎద్దుబండి చక్రాలు. పైన కూర్చుని చర్నాకోలతో తోలే డ్రైవరు. మూడో పెట్టెకు తాటాకు కప్పు, లోపల పొయ్యి. స్టేషన్లో జనం ఇంజనుకు తినిపించడానికి అన్నం ముద్దలు పట్టుకుని నిలబడి ఉంటారు. అన్నీ కట్టాను. వీధి పిల్లలు బడి వదలగానే తిన్నగా ఇక్కడికే వస్తున్నారు. వాళ్ళను పిలుచుకుపోవడానికి వచ్చిన పెద్దవాళ్ళు కూడా కూలబడుతున్నారు.

ఒక్కచోట పని ఆగింది. గోదావరి దాటడానికి నీ రైలుకు వంతెన లేదు, పడవెక్కుతుంది. ఆ పడవను నువ్వెలా గీశావో, అంత రైలు అందులోకి ఎలా ఎక్కిందో గుర్తు రావడం లేదు. గదిలో పట్టాలు నది ఒడ్డున ఆగిపోయి ఉన్నాయి. ఆ ఒక్క బొమ్మ మళ్ళీ గీసి పంపు.

నీ
మోతీ

తునికిగుంపు,
29 జూన్ 2025

మోతీలాల్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నా పేరు మీద కవరు రావడం చూసి మా ఇంటామె జంపక్క "ఏందది, కోర్టు కాయితమా?" అని భయపడింది.

మీ చెవుల సంగతి తెలిసి బాధ కలిగింది. నేను బాగానే ఉన్నాను. పాతికేళ్ళు సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీలకెత్తాను. ఇప్పుడు నడుము ఒప్పుకోవడం లేదు. ఉన్న రెండెకరాల్లో వరి వేస్తున్నాను. కూతురు పుష్పలత అంగన్‌వాడీ టీచరు.

బొమ్మలు గీయడం ఆరో తరగతిలోనే మానేశాను. పడవ గుర్తు లేదు. మీరు వంతెనే పెట్టుకోండి. భద్రాచలానికి ఎలాగూ రైలు లేదు కాబట్టి, ఎలాంటి వంతెన పెట్టినా తప్పని అనేవాడు ఉండడు.

ఇట్లు,
ప్రభాకర్

ఇల్లందు,
18 జూలై 2025

ఒరే,

ఈ 'గారు' ఏమిట్రా? ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తిన్నవాళ్ళం. రిటైరైన రోజు శాలువా కప్పిన ఆఫీసరు కూడా నన్ను గారు అనలేదు.

నీ మాట విని వంతెన పెట్టి చూశాను. రెండు రోజులు ఉంచి పీకేశాను. వంతెన పెట్టగానే అది అన్ని రైళ్ళలాంటి రైలైపోయింది.

నడిపే తీరు చెప్తాను. నా రైలును ఇంజను లాగదు. నాకొచ్చిన పని ఒక్కటే కదా, తాడు పని. గదికి ఆ మూల డ్రమ్ము, ఈ మూల కప్పీ, మధ్యలో చేపల గాలం దారం. బాయిలో మాదిరే గంట కొడితే కదులుతుంది, గంట కొడితే ఆగుతుంది. పట్టాలు వెదురు బద్దలు, చక్రాలు సోడా మూతలు. మోటారు సోని కుట్టుమిషన్‌ది. అది ఊడదీసినందుకు రెండు రోజులు తిడుతూనే ఉందట. వినబడితే కదా, హాయిగా పని చేసుకున్నాను.

కిందటి వారం హైదరాబాదు నుంచి సాయికిరణ్ అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్ళ ఇంజనీరు. అసలు రైళ్ళను కొలతలు తీసి, బోల్టులతో సహా చిన్నవిగా చేసే సంఘానికి పెద్ద. ఎవరో తీసిన వీడియో చూసి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కాగితం మీద రాశాడు: "అంకుల్, ఒక్క కొలతా సరిగా లేదు." తర్వాత నేల మీద కూర్చున్నాడు, మూడు గంటలు లేవలేదు. పోయేముందు ఇంకో కాగితం ఇచ్చాడు. అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మా రైళ్ళు చూసి జనం బాగున్నాయని చెప్పి వెళ్ళిపోతారు. ఇలాంటిది చూసినవాళ్ళు ఇంటికెళ్ళాక కూడా తలచుకుని నవ్వుకుంటారు. బయటి దేశాల్లో పత్రికల కార్టూన్లలోని వంకర రైళ్ళను ఇలాగే కట్టారు. గీసినవాళ్ళు పోయి ఏళ్ళయినా వాటి చుట్టూ ఇంకా జనమే."

జనవరిలో ఖమ్మంలో వాళ్ళ ప్రదర్శన ఉంది. నీ రైలును నడిమధ్యలో పెడతాడట. కింద బోర్డు మీద గీసినవాడి పేరు ఉండి తీరాలట. నీ పేరు పెట్టనిస్తావా? అది అడగడానికే ఇంత రాశాను.

నాలుగో పెట్టె మీద గొడుగు నిన్ననే కట్టాను. ఏడు చిల్లులూ లెక్కబెట్టి పొడిచాను. బాగా వచ్చింది.

నీ
మోతీ

తునికిగుంపు,
5 ఆగస్టు 2025

మోతీలాల్‌కు,

నా పేరు పెట్టవద్దు. ఎందుకో చెప్తాను. నువ్వు మరిచిపోయి ఉండొచ్చు, నేను మరిచిపోలేదు.

దసరా సెలవులకు వారం ముందు, ఆదివారం మధ్యాహ్నం. అన్నాలకు పోతే భోజనాల హాలు గోడ మీద నా పడవ బొమ్మ కనిపించింది. అన్నం మెతుకులతో అంటించారు. నూరు మందికి పైగా పిల్లలు దాని ముందు మూగి నవ్వుతున్నారు. వార్డెన్ వచ్చి నన్ను బల్ల ఎక్కించాడు. "రైలుకు నోరుంటదారా? పడవెక్కుతదారా? అడవిల ఉండేటోనివి, రైలు ఎన్నడన్న చూసినవా?" అన్నాడు. పిల్లలు ఇంకా నవ్వారు. "గిట్లుంటదని ఎవడు చెప్పిండ్రా నీకు?" అని అడిగాడు. నేను నీ వంక చూశాను. నువ్వు పళ్ళెం వంక చూశావు. బొమ్మను పీకి పొయ్యిలో వేశాడు. సెలవులకు ఇంటికి వచ్చినవాణ్ణి మళ్ళీ పోలేదు.

దానికి నీ మీద కోపం పెట్టుకోలేదు. మీ నాయన బాయిలో పనిచేసేవాడు, రైలు అలా ఉంటుందని ఆయనే నీకు చెప్పి ఉంటాడు, నువ్వూ నమ్మే నాకు చెప్పావనుకున్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు వార్డెన్‌కు భయపడ్డాడు, అంతే. నన్ను ఇన్నేళ్ళూ తొలిచింది వేరే ఉంది. నా ట్రంకు పెట్టెలోంచి బొమ్మల పుస్తకం తీసినవాడెవడు? మన తరగతి కోటేష్ అనుకున్నాను, తర్వాత వాడు కాదు, వాడి పక్కన కూర్చునే వీరన్నే అని తేల్చుకున్నాను. వీరన్న సారపాకలోనే ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా ఎదురుపడినా పలకరించను.

ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. గొడుగు బొమ్మ నేను ఆ ఆదివారం పొద్దున గీశాను. ఎవరికీ చూపించలేదు. దానికి ఏడు చిల్లులని నీకెలా తెలుసు?

ప్రభాకర్

ఇల్లందు,
21 ఆగస్టు 2025

ప్రభాకర్,

నేనే తీశాను. పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ రోజు నుంచీ నా దగ్గరే ఉంది.

నువ్వు స్నానానికి పోయినప్పుడు పెట్టె తెరిచాను. పడవ పేజీ ఒక్కటీ చింపి, వంటాయన పగిడయ్యను అన్నం అడిగి, గోడకు నేనే అంటించాను. ఎగతాళికి కాదురా. అందరూ చూసి శభాష్ అంటారని, నువ్వు వచ్చేసరికి హాలంతా నీ పేరే వినబడాలని. ముందు ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ. నేనూ నవ్వాను. నన్నెవరూ అనుమానించకూడదని అందరికంటే గట్టిగా నవ్వాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. మా నాయన నాకేమీ చెప్పలేదు. అప్పటికి నేను రైలు ఎక్కనే లేదు. దూరం నుంచి బొగ్గు బండ్లు పోతుంటే చూశాను, అంతే. కుళాయి దగ్గర నీకు చెప్పినవన్నీ నోటికొచ్చిన అబద్ధాలు. మొదటిరోజు "ఇంజను బొగ్గు తింటది, నీళ్ళు తాగుతది" అన్నాను. తెల్లారేసరికి నువ్వు దానికి నోరు గీసుకొచ్చావు. అది ఎంత బాగుందంటే, నిజం చెప్పి పాడుచేయబుద్ధి కాలేదు. ఇంకో అబద్ధం చెప్పాను, ఇంకో బొమ్మ వచ్చింది. నీ బొమ్మల మీద ఆశతో రోజుకొకటి కల్పించాను. పడవ కూడా నేను చెప్పిందే. వార్డెన్ అడిగినప్పుడు "నేనే చెప్పిన సార్" అని ఒక్క ముక్క అంటే ఆ నవ్వులో సగం నా మీద పడేది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

చేతులు ఊరుకోక రైలు కట్టానని అందరికీ చెప్తున్నాను, నీకూ అదే రాశాను. నిజం అది కాదు. ఈ మాట నీకు చెప్పడానికి నోరు రాక కట్టాను. కట్టిన తర్వాత కూడా రాలేదు. నువ్వు పట్టుకుంటే బయటపడింది.

నీ చదువు పోయింది, బొమ్మలు పోయాయి. పాపం వీరన్నకు ముప్పై ఏళ్ళ పలకరింపు పోయింది. అన్నీ నా వల్లే. తిట్టు. ఉత్తరంలో తిడితే నాకు బాగా వినబడుతుంది.

మోతీ

ఇల్లందు,
2 అక్టోబరు 2025

ప్రభాకర్,

నెల దాటి పది రోజులైంది. నువ్వు రాయలేదు. నువ్వు రాయకపోవడంలో తప్పేమీ లేదు.

ఖమ్మం ప్రదర్శనకు రావడం లేదని సాయికిరణ్‌కు చెప్పేశాను. రైలు మీద దుప్పటి కప్పాను. పిల్లలు వచ్చి కిటికీ పట్టుకుని నిలబడుతున్నారు, ఏదో అడుగుతున్నారు. వాళ్ళ పెదవులు కదలడం చూస్తే ఏమడుగుతున్నారో తెలుస్తూనే ఉంది. తల అడ్డంగా ఊపుతున్నాను.

పుస్తకం రిజిస్టర్ పోస్టులో పంపాను. రైలు కూడా నీదే. విరగ్గొట్టమంటే విరగ్గొడతాను, నువ్వే విరగ్గొడతానన్నా సరే. ఒక్క కార్డు ముక్క రాయి.

మోతీ

తునికిగుంపు,
20 నవంబరు 2025

మోతీ,

నీ ఉత్తరం ఆగస్టులో అందింది. పుస్తకం అక్టోబరులో అందింది. జవాబు నవంబరులో రాస్తున్నాను. కొత్తల పండుగ కాకుండా మేం కొత్త ధాన్యం నోట పెట్టం. పంట ఇంట్లో ఉన్నా సరే, ముందు పెద్దలకు పెట్టేదాకా ఆగుతాం. కోపంతో రాసిన మాటను కూడా అలాగే ఆపాలనిపించింది. ఈలోగా నీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడూ జంపక్కకు ఇచ్చి పొయ్యిలో వేయించాను. చాలా బూతులున్నాయి వాటిలో.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. అక్టోబరు పద్నాలుగున నేను ఇల్లందు వచ్చాను. కవరు మీది చిరునామా చూపిస్తూ మీ ఇల్లు పట్టుకున్నాను. నువ్వు లేవు, చెవులు చూపించుకోవడానికి కొత్తగూడెం దవాఖానాకు పోయావట. విరగ్గొట్టడానికే వచ్చాను. అబద్ధం రాయడం ఎందుకు?

సోని తలుపు తీసింది. పేరు చెప్పగానే లోపలికి పిలిచి ముందు నీళ్ళిచ్చింది. తర్వాత దుప్పటి తీసి "అన్నా, గిది నీ రైలే. నడపన్నా?" అంది. తలూపాను. గంట కొట్టింది. నేను పెన్సిలుతో గీసిన గీతలు ఒక్కొక్కటీ లేచి నా ముందు నడుస్తున్నాయి. గంట విని పదిమంది పిల్లలు లోపలికి దూరారు. ఒక చిన్నపిల్ల ఇంటి నుంచి తెచ్చిన నిజం అన్నం ముద్దే ఇంజను నోట్లో పెట్టింది. అందరూ పకాలున నవ్వారు.

ఎవరిని చూసి నవ్వుతున్నారా అని చుట్టూ చూశాను. ఎవరినీ కాదు. ఆ పిల్లలకు నేనెవరో తెలియదు. నా బొమ్మ చూస్తే జనం నన్ను చూసి నవ్వుతారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. వీళ్ళు రైలును చూసి, సంతోషం పట్టలేక నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మీ వాకిట్లో కూర్చుని ఏడ్చాను. నీకు చెప్పవద్దని సోని దగ్గర మాట తీసుకున్నాను.

చదువు సంగతి కూడా నిజమే రాస్తాను. ఆ ఏడు మా నాయన మంచానపడ్డాడు, పొలంలో దిగడానికి మనిషి కావాలి. నేను మానడానికి సగం కారణం అది. మిగతా సగం నువ్వే. అంతా నీ మీదే వేసుకుని గొప్పవాడివి కావద్దు. మొన్న వీరన్నకు సారపాకలో చాయ్ తాగించాను. ఎందుకో చెప్పలేదు. భయం భయంగా తాగాడు.

ఇక నీ రైలు సంగతి. అది తాడు మీద నడుస్తోంది. డ్రైవరు చేతిలో చర్నాకోల పెట్టుకుని తాడెందుకురా? ఆ తప్పు మాత్రం నా బొమ్మలో లేదు.

ఖమ్మం సంగతి తర్వాత. ముందు రైలును మన హాస్టలుకు తీసుకురా. అదే భోజనాల హాలు. పైన రేకులు మారాయి, గోడ అదే. ఇప్పుడు వార్డెన్ ప్రమీల, మా పుష్పలతతో కలిసి చదివింది, ఒప్పుకుంది. డిసెంబరు ఇరవై, శనివారం. రైలు ఇలా ఉంటుందని ఎవరు చెప్పారని పిల్లల్లో ఎవరో ఒకరు అడగక మానరు. అప్పుడు నువ్వు లేచి చెప్పాలి. ఆ మాట నాకు ఉత్తరంలో చాలదు, ఆ గోడ ముందు కావాలి. చెప్తే ఖమ్మంలో నా పేరు పెట్టుకో. చెప్పలేకపోతే రైలు నీ దగ్గరే ఉంచుకో, నాకు ఇక రాయకు.

ప్రభాకర్

ఇల్లందు,
28 నవంబరు 2025

ఒరే ప్రభాకర్,

వస్తాను.

బాయిలో ఒకసారి నా ముందే కప్పు కూలింది. అప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. ఆ హాలు తలచుకుంటే ఇప్పటికీ తల పళ్ళెంలోకే వంగిపోతోంది. కానీ వస్తాను. రెడ్యా అని మా తండా వాడి ట్రాలీ ఆటో మాట్లాడాను. పెట్టెలు విడివిడిగా పాత దుప్పట్లలో చుట్టి తెస్తాను.

నువ్వు ఇంటికొచ్చిపోయిన సంగతి దాచిందని సోని మీద ఎగిరాను. "చెప్పొద్దన్నడు. అన్న మాట తప్పుతనా?" అని రాసి, పెన్ను నా మీదికే విసిరింది. ఒక్క పూట వచ్చిపోయి మా ఇంటిదాన్ని నీ వైపు తిప్పుకున్నావు.

పడవ ఇంకా కట్టలేదు. నది దగ్గర పట్టాలు అలాగే ఉన్నాయి.

మోతీ

తునికిగుంపు,
22 డిసెంబరు 2025

మోతీ,

శనివారం హాలులో నీకు వినబడనివి చాలా ఉన్నాయి. సోని హడావుడిలో సగమే రాసి చూపించింది. మిగతావి నేను రాస్తున్నాను.

ముందు నీ గొంతు సంగతి. నీ గొంతు నీకు వినబడదు కాబట్టి, గోదావరి అవతలి ఒడ్డుకు కూడా వినబడేలా అరిచావు. వంటగదిలో వాళ్ళు గరిటెలతో సహా వచ్చేశారు. పిల్లలు అడిగేదాకా కూడా ఆగలేదు నువ్వు. "గీ రైలు తప్పు. తప్పు నాది. నేను రైలు ఎక్కకుండనే ఎక్కినట్టు చెప్పిన. గీ ప్రభాకర్ నమ్మి గీసిండు. గీ గోడకు అంటించింది నేను. అందరు నవ్వితే నేను గూడ నవ్విన. సారు అడిగితే చెప్పలే. గిప్పుడు చెప్తున్న" అన్నావు. నువ్వు కూర్చున్నాక హాలంతా చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. నీకు ఎప్పుడూ ఉండే నిశ్శబ్దమే కనుక తేడా తెలిసి ఉండదు. ఇంత వయసొచ్చాక ఒకడు నా కోసం లేచి నిలబడ్డాడు అనుకున్నాను.

అప్పుడు వెనక వరసలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "మరి గోదారి ఎట్ల దాటుతది తాతా?" నేను నీ భుజం తట్టి, పట్టాలు ఆగిపోయిన నది వైపు చూపించాను. నువ్వు నా మొహం చూశావు, నీకు అర్థమైంది, వెంటనే మొదలుపెట్టావు. రైలు ఒడ్డుకు రాగానే పొట్ట లోపలికి పీల్చుకుంటుందట. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయట. డ్రైవరు చెప్పులు విప్పి చేత పట్టుకుంటాడట. ఒరే, ఈ చెప్పుల ముక్క ఆరో తరగతిలో చెప్పలేదు. అప్పటికప్పుడు కల్పించావు, నాకు తెలుసు.

నేను నల్లబల్ల దగ్గరికి ఎప్పుడు పోయానో నాకే తెలియదు. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. కర్రలెత్తిన వేళ్ళు, మొద్దుబారాయి. అయినా పడవ వచ్చింది. పాత పడవ కాదు, అది పోయింది, గుర్తుకూ రాలేదు. ఇది కొత్తది. పిల్లలు ఎంత నవ్వారంటే ప్రమీల తలుపులు మూయించాల్సి వచ్చింది. ఒకడు నవ్వుతూనే "తాతా, ఇంజనుకు ఈత రాదా?" అన్నాడు. ఆ ప్రశ్న నీ కోసం దాచాను, ఆలోచించి పెట్టుకో.

ప్రమీల ఆ బొమ్మను నల్లబల్ల మీద చెరపనివ్వలేదు. పుష్పలత ఫోటో తీసింది, కవరులో పెడుతున్నాను. ఈ పడవే కట్టు. ఖమ్మం బోర్డు మీద ఏం రాయాలో కూడా చెప్తాను, సాయికిరణ్‌కు మళ్ళీ వస్తున్నామని చెప్పి ఇది కూడా అలాగే చెప్పు: "అబద్ధాలు: మోతీలాల్. బొమ్మలు: ప్రభాకర్." ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు.

నిన్ను క్షమించానని రాయమని జంపక్క అంటోంది. అలాంటి పెద్ద మాటలు నాకు రాయడం రాదు. జరిగింది ఒకటి రాస్తాను. మీరు పెట్టెలు సర్దుతున్నప్పుడు ఆ వెనక వరస అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నిన్ను చూపించి "గా తాత నీకేమైతడు?" అని అడిగింది. అప్పుడు నువ్వు అటు తిరిగి దారం చుడుతున్నావు.

"దోస్తు" అని చెప్పాను.

ప్రభాకర్